ముసలి బ్లాకులో అద్దాలు

నా చిట్టితల్లికి,

నాన్న దీవెనలు. నేను బాగానే ఉన్నాను. మోకాలు దాని గోల అది పెడుతోంది, నా పని నేను చేసుకుంటున్నాను. ఫోన్లో నీ గొంతు వినగానే నాకు నోరు పెగలదు. కాగితమైతే తొందరపెట్టదు. అందుకే రాస్తున్నాను.

మీ ఆఫీసు పంపిన అద్దాలు వచ్చాయి. ముసలి ఖైదీల బ్లాకులో ప్రతి గదిలోనూ కుళాయి పైన బిగించారు. గాజు కాదు, మెరిసే స్టీలు రేకు. పగలదు, చెయ్యి కోయదు. మంచి పనే. ఇన్నేళ్లుగా ఈ జైలు మొత్తానికి అద్దం అంటే నా మంగలి పెట్టెలోని చేతి అద్దమే.

నా పద్ధతి నీకు తెలుసు. కొత్తగా వచ్చినవాళ్లకు క్షవరం అయ్యాక అద్దం చూపిస్తాను. ఏళ్లు గడిచినవాళ్లకు చూపించను. అడిగితే ఇస్తాను. ఎవరూ అడగరు.

గడియారం అని ఒకడున్నాడు. నీకు ఎప్పుడో చెప్పాను. జైల్లో గోడ గడియారాలన్నీ అతనే బాగుచేస్తాడు, అందుకని ఆ పేరు. మీసం సరిగ్గా మొలవని వయసులో లోపలికి వచ్చాడు. ఇప్పుడు మీసం నెరిసింది. మధ్యలో తన ముఖం ఎలా మారిందో అతను చూసుకోలేదు.

అద్దం బిగించేటప్పుడు నేను అతని గదిలోనే ఉన్నాను. పనివాడు రేకు మీది కాగితం లాగేశాడు. గడియారం లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. అద్దానికి దణ్ణం పెట్టాడు.

"వచ్చావా నాన్నా. కూర్చో" అన్నాడు. మంచం మీద పక్కకు జరిగి చోటిచ్చాడు.

పనివాడు నవ్వబోయాడు. నా ముఖం చూసి ఊరుకున్నాడు.

తల్లీ, అతను ఈ జైలుకు వచ్చింది ఆ నాన్నను చంపినందుకే.

నీ నాన్న

~

ప్రియమైన నాన్నకు,

నీ ఉత్తరం చూసి ముందు నవ్వుకున్నాను. ఫోన్లో నువ్వు "ఊఁ, ఆఁ, పెట్టెయ్యనా" తప్ప ఏమీ అనవు. కాగితం మీద ఇన్ని మాటలా! నీ నోటికి తాళం వేసి, తాళంచెవి కలంలో పెట్టినట్టున్నాడు దేవుడు.

అద్దాల ఆలోచన నాదే నాన్నా. ఖైదీల ఆరోగ్యం మీద మా విభాగం విధానం రాస్తున్నప్పుడు అందరూ మందులు, డాక్టర్లు, మంచాలు అన్నారు. మనిషికి తన ముఖం తనకు కనబడకపోతే తానెవరో కూడా మెల్లగా చెదిరిపోతుందని నేనన్నాను. ఎక్కడ నేర్చుకున్నానో తెలుసా? చిన్నప్పుడు నువ్వు పనినుంచి రాగానే నీ పెట్టెలోంచి ఆ చేతి అద్దం తీసి చూసుకునేదాన్ని. పెదవి కింద పుట్టుమచ్చ పట్టుకుని "ఇది ఎవరిది నాన్నా?" అని అడిగేదాన్ని. మన వాళ్లెవరికీ లేదు, ఎక్కడ దొంగిలించుకొచ్చావే అని అమ్మ వెక్కిరించేది.

గడియారం గారి సంగతికి భయపడకు. అబ్బాయిలు పెద్దయ్యాక తండ్రి పోలికలోకి వస్తారు. కుర్రవాడిగా చూసుకున్న ముఖం తర్వాత ఆయన చూసింది ఇదే. తండ్రిలా కనబడదా మరి? మెల్లగా చెప్పు, అర్థం చేసుకుంటాడు.

ఇంకో మాట. ముసలివాళ్లను, జబ్బు మనుషులను ఇళ్లకు పంపే కొత్త జాబితాలో ఆయన పేరు ఉంది. ఆయన చెల్లెలు బట్టలు కుట్టుకుని బతుకుతోంది. "మా అన్నను నేను చూసుకుంటాను" అని ఒప్పుకుంది. డాక్టర్ల బృందం వచ్చి ఆయన మనసు కుదురుగా ఉందని, ఎవరికీ ప్రమాదం లేదని చెప్పాలి. చెబితే చెల్లెలి ఇల్లు. చెప్పకపోతే మానసిక ఆసుపత్రి. అక్కడి తలుపులకు లోపలివైపు పిడి ఉండదు నాన్నా. దాన్ని మార్చాలని మేం రాస్తూనే ఉన్నాం. ఇంకా మారలేదు.

అందుకే ఆయన ఎలా ఉన్నాడో చూస్తూ ఉండు. మోకాలికి నూనె రాస్తున్నావా, లేక నూనె సీసాకే దణ్ణం పెడుతున్నావా?

నీ అల్లరి కూతురు

~

చిట్టితల్లికి,

దీవెనలు. నూనె రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే చెప్పాను. "తమ్ముడూ, అది నీ ముఖమే. కొడుకులు తండ్రి పోలికలోకి వస్తారట. మా అమ్మాయి రాసింది" అన్నాను.

అతను నవ్వాడు. "అన్నా, నాది మా అమ్మ పోలిక. మా ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు. మా నాన్నకు ఎడమ చెవి సగం లేదు, చిన్నప్పుడు కుక్క కొరికింది. చూడు, ఆయనకు లేదుగా" అని అద్దం చూపించాడు.

నేను అద్దం చూడలేదు. అతని చెవులు చూశాను. రెండూ నిండుగా ఉన్నాయి. ఆ చెవుల చుట్టూ ఎన్నేళ్లుగా కత్తెర తిప్పుతున్నాను, నాకు తెలియదా.

పోలికల సంగతి నాకు ఎక్కువ తెలియదు. మా నాన్నను నేనెరగను. నేను పాలు తాగే వయసులోనే పోయాడు. ఫోటో కూడా లేదు.

గడియారం మంచం మీద ఒక పక్కకే పడుకుంటున్నాడు. గ్లాసుతో నీళ్లు పట్టి అద్దం కింద పెడుతున్నాడు. గొంతు తగ్గించి మాట్లాడతాడు, తర్వాత ఆగి వింటాడు. మనం ఫోన్లో వింటామే, అలా తల వంచి. మధ్యాహ్నం ఎండ వేళ ఆ గది ముందు నుంచి వెళ్తుంటే వరండా చల్లగా తగులుతోంది. మిగతావాళ్లు అతన్ని ఎగతాళి చెయ్యడం లేదు. ఎగతాళి చేస్తే బాగుండేది.

ఏం మాట్లాడుకుంటారని అడిగితే, "ఇంటి సంగతులు అన్నా" అంటాడు. అంతే.

డాక్టర్ల ముందు కూడా ఇలాగే చేస్తే ఎలా? నాకొక ఉపాయం తోచింది. మీసం తీసేస్తాను. తల నున్నగా గీసేస్తాను. ముఖం మారితే అద్దంలోవాడూ మారతాడు కదా. క్షవరం తెలిసినవాడికి ఇంకేం తోస్తుంది.

ఇది నా కూతురికి రాస్తున్నాను. ఆఫీసులో చెప్పకు.

నీ నాన్న

~

ప్రియమైన నాన్నకు,

నువ్వు కూతురికి రాశావు, చదివింది మాత్రం ఇద్దరం. నాలోని ఆఫీసరమ్మను గుమ్మం బయట నిలబెట్టి చదవడం నాకు చేతకాలేదు.

దయచేసి ఆయన మీసం ముట్టుకోకు. ముఖం మారిస్తే మనసు మారదు. ఇంకా బెదిరిపోవచ్చు.

ఆ కేసు కాగితాల్లో తండ్రి ఫోటో ఉంది. తీయించి చూశాను. ఎడమ చెవి నిజంగానే సగం లేదు. ముఖంలో ఒక్క పోలిక లేదు. ఫోటో బోర్లా పెట్టేశాను. తర్వాత నాకు నేనే చెప్పుకున్నాను, పుట్టినప్పటినుంచి చూసిన చెవి కొడుకు మరిచిపోతాడా అని. అద్దంలో లేకపోయినా మనసులో ఉంటుంది.

ఆ తండ్రి వడ్రంగి. ఆ రోజు ఇంట్లో ఏదో చేస్తూ మధ్యలో లేచి తల్లిని కొట్టబోయాడట. కొడుకు అడ్డం వెళ్లాడు. తండ్రి సుత్తే చేతికందింది. అప్పుడు చెల్లెలు పాకే పిల్ల.

మొన్న సమావేశంలో నేనొక మాట రాయించాలని పట్టుపట్టాను. మనిషికి ఎవరో కనబడుతున్నారా, వినబడుతున్నారా అని అడిగి ఊరుకోవద్దు, ఆ వినబడేది ఏం చెయ్యమంటోందో అడగాలి అని. తినమంటే ఒకటి, కొట్టమంటే ఒకటి కదా. మా పెద్దాయన కళ్లజోడు దించి, "అంటే దెయ్యానిక్కూడా ఇంటర్వ్యూ పెట్టమంటావా అమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. కానీ రాశారు.

కాబట్టి నాన్నా, నాకు కావలసింది అదొక్కటే. అద్దంలో నాన్న ఏమంటున్నాడు? ఆ చెల్లెలు ఒంటరిగా ఉంటుంది. ఆయన్ను ఆమె ఇంటికి పంపేది నా సంతకం. తెలుసుకుని రాయి. తెలియకపోతే తెలియలేదని రాయి.

నీ కూతురు

~

చిట్టితల్లికి,

దీవెనలు. నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. అప్పటికే గీసేశాను.

గడియారం వద్దనలేదు. నేనెప్పుడు కూర్చోమంటే అప్పుడు కూర్చునే మనిషి. తల, మీసం, గడ్డం అంతా తీసేశాను. ముఖం కోడిగుడ్డులా అయింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

లేచి కుళాయి దగ్గరకు వెళ్లాడు. అద్దంలోకి చూశాడు. పక్కకు వంగి చూశాడు. రేకు అంచు వెనక వేలు పెట్టి తడిమాడు. ఇంట్లో మనిషి కనబడకపోతే తలుపు చాటున వెతుకుతామే, అలాగ.

"ఏడీ?" అన్నాడు.

"ఎవరు తమ్ముడూ?"

"ఇప్పటిదాకా ఉన్నాడు. ఏం చేశావన్నా?" అన్నాడు. గొంతు పెంచలేదు. "నాచేత ఒకసారి చాలలేదా? మళ్లీ చంపించావా?"

గోడవైపు తిరిగి పడుకున్నాడు. మంచం మీద ఇప్పుడు మధ్యలో పడుకుంటున్నాడు. తిండి ముట్టడం లేదు. పళ్లెం ఎలా వెళ్లిందో అలాగే వస్తోంది. గడియారాల గదిలో ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి, తిప్పేవాడు లేక.

నువ్వు వద్దన్నావు. ఆ మాట ముందే అందినా ఆగేవాణ్ణో కాదో. ఏమంటున్నాడని ఇక ఎవర్ని అడగను.

వెంట్రుక పెరగడానికి దాని రోజులు దానికి కావాలి. నేను చూస్తూ కూర్చున్నాను.

నీ నాన్న

~

చిట్టితల్లికి,

దీవెనలు. జవాబు రాకముందే ఇంకొకటి రాస్తున్నాను. గడియారం తింటున్నాడు. గడియారాలు తిరుగుతున్నాయి. బెంగ పెట్టుకోకు.

నీ నాన్న

~

ప్రియమైన నాన్నకు,

నీ చిన్న ఉత్తరం అందిన రోజే డాక్టర్ల బృందం రాసిన కాగితం కూడా అందింది. గడియారం గారు ఇంటికి వెళ్తున్నారు!

మా డాక్టరమ్మ ఆయన్ను చాలాసేపు కూర్చోబెట్టి మాట్లాడిందట. "అద్దంలో మీ నాన్నగారు కనబడతారా?" అని అడిగితే, కుళాయి పైన అద్దంవైపు చూసి, "అందులో లేడండీ" అన్నాడట. ఇంకా అడిగితే, ఇంటికి వెళ్లి చెల్లెలికి సాయం చెయ్యాలని ఉందన్నాడట. మనసు కుదురుగా ఉంది, పంపవచ్చు అని రాసింది. నేను సంతకం పెట్టాను. పెట్టి, చాలాసేపు ఆ సంతకాన్నే చూస్తూ కూర్చున్నాను, ఎందుకో.

అంటే నీ క్షవరమే పనిచేసిందా? మా విధానంలో ఇక మంగలి కత్తి కూడా చేర్చాలేమో! పెద్దాయనకు చెబితే కళ్లజోడు మింగేస్తాడు.

ఒక్కటే అడుగుతాను నాన్నా. "బెంగ పెట్టుకోకు" అని నువ్వు రాసినప్పుడల్లా అమ్మకు బెంగ పట్టుకునేది. గడియారం గారు ఒక్కసారిగా ఎలా తినడం మొదలుపెట్టారు?

నీ కూతురు

~

తల్లీ,

ఈ ఉత్తరం మీ ఊరు వస్తున్న వార్డరు చేతికిచ్చి పంపుతున్నాను. అందగానే చదువు.

ముందు ఫోన్ చేశాను. నువ్వు "నాన్నా" అన్నావు. "బాగున్నావా" అన్నాను. "బాగున్నా" అన్నావు. పెట్టేశాను. నన్ను తిట్టుకో.

గడియారం తినడం ఎలా మొదలుపెట్టాడో చెబుతాను. గీసిన రోజు, చెవి వెనక నురగ తుడిచాక, అలవాటుగా చేతి అద్దం వెనక్కి పట్టాను. అతనికి చూపించడానికి కాదు, నా పని నేను చూసుకోవడానికి. అద్దంలో ఎడమ చెవి సగమే ఉంది. అద్దం దించి చూస్తే చెవి నిండుగా ఉంది. మళ్లీ పెట్టి చూడలేదు. గుడ్డలో చుట్టి పెట్టెలో పడేశాను. కళ్లకు వయసొచ్చింది అనుకున్నాను. నీకు రాయలేదు.

అతను తిండి మానేశాక నాకు ముద్ద దిగలేదు. ఒకరోజు పెట్టె తీసుకుని వెళ్లాను. ఏమీ అనకుండా అద్దం చేతికిచ్చాను. చూశాడు. "ఇందులో కూర్చున్నావా నాన్నా" అన్నాడు. పళ్లెం దగ్గరకు లాక్కున్నాడు. అప్పటినుంచి రోజూ తీసుకెళ్లేవాణ్ణి. తిన్నంతసేపు పట్టుకునేవాణ్ణి, తర్వాత తెచ్చేసేవాణ్ణి. డాక్టరమ్మతో అతను అబద్ధం చెప్పలేదు. ఆ అద్దంలో లేడనే చెప్పాడు.

ఈ ఉదయం వెళ్లిపోయాడు. ఆ అద్దం ఇమ్మన్నాడు. ఇచ్చాను. గేటు దగ్గర నువ్వడిగింది గుర్తొచ్చి, ధైర్యం చేసి అడిగాను.

"మీ నాన్న నీతో ఏమంటాడు తమ్ముడూ?"

"ఒకటే మాట అన్నా. నా సుత్తి ఏదిరా అంటాడు. చెల్లెలి ఇంట్లో ఉంటుందేమో చూస్తాను" అన్నాడు.

గేటు మూశారు. నేను ఇటు, అతను అటు.

తల్లీ, ఆ చెల్లెలు ఒక్కతే ఉంటుందన్నావు. నువ్వు ఎవర్నైనా వెంటబెట్టుకుని వెళ్లు. ఒక్కదానివే వెళ్లకు.

నాన్న

~

ప్రియమైన నాన్నకు,

ముందే చెబుతున్నాను, అందరం క్షేమం. ఇక నెమ్మదిగా చదువు.

నీ ఉత్తరం అందగానే డాక్టరమ్మను తీసుకుని బయల్దేరాను. ఆ చెల్లెలి ఇల్లు సన్నటి వీధి చివర. వీధి మలుపు తిరిగామో లేదో సుత్తి చప్పుడు వినబడింది. కొట్టడం, ఆగడం. మళ్లీ కొట్టడం. నేను అక్కడే ఆగిపోయాను. డాక్టరమ్మ నా చెయ్యి పట్టి లాక్కెళ్లింది.

తలుపు తీసే ఉంది. ఆయన నేల మీద కూర్చుని ఉన్నారు. ముందు ఒక చిన్నపిల్లల కుర్చీ, తలకిందులుగా. మూడు కాళ్లు పాతవి. నాలుగోది కొడుతున్నారు. పక్కన గోడకు ఆనించి నీ చేతి అద్దం. ఒక్కో మేకు కొట్టి, అద్దంవైపు తల వంచి వింటున్నారు. "ఇంకొంచెం లోపలికా?" అంటున్నారు. తర్వాత మళ్లీ కొడుతున్నారు.

చెల్లెలు కుట్టుమిషను దగ్గర, ఒళ్లో బట్ట పెట్టుకుని, కుట్టకుండా చూస్తోంది. నన్ను చూసి లేచింది.

"వస్తూనే సుత్తి ఉందా అని అడిగాడమ్మా" అంది. "నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇవ్వనా, పారిపోనా అనుకున్నా. ఇదిగో, ఈ మూడు కాళ్ల కుర్చీ కూడా తెమ్మన్నాడు, అది విని ఇచ్చా. ఆ రోజు మా నాన్న చేస్తున్నది ఇదే. నాకోసం. నాలుగో కాలు వెయ్యకముందే లేచాడు, తర్వాత అంతా అయిపోయింది. అమ్మ పారెయ్యలేదు, నేనూ పారెయ్యలేదు. గోడకి ఆనించి బొంతలు పెట్టుకునేదాన్ని. ఇది మా ఇంట్లో ఉన్న సంగతి అన్నకెలా తెలుసమ్మా? అమ్మ దీన్ని దాచేటప్పటికే అన్నను తీసుకుపోయారు కదా."

డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

ఆయన కుర్చీ నిలబెట్టారు. చేత్తో నొక్కి చూశారు. కదల్లేదు. "అయిపోయింది నాన్నా" అన్నారు. చాలాసేపు అద్దంలోకి చూశారు. తర్వాత దాన్ని తీసి, చొక్కాకు తుడిచి, నాకిచ్చారు.

"మీరు అన్న కూతురా? ఆ పుట్టుమచ్చ సంగతి చెప్పాడు. ఇది అన్నకిచ్చెయ్యమ్మా. నాన్న వెళ్లిపోయాడు. ఇందులో ఇప్పుడు నేనే ఉన్నా, ముసలాణ్ణి" అన్నారు. అని ఇప్పుడిప్పుడే జుట్టు వస్తున్న తల తడుముకుని, "పాడు క్షవరం చేశాడు మీ నాన్న" అని నవ్వారు. చెల్లెలు కూడా నవ్వింది. నవ్వుతూనే అంత పెద్దావిడ, ఆ చిన్న కుర్చీలో, ఒక్కసారి కూర్చుని లేచింది.

ఆఫీసులో ఏం రాయాలని దారంతా ఆలోచించాను. ఏం చెయ్యమంటున్నాడో అడగాలని విధానంలో రాసింది నేనే కదా. కుర్చీకి కాలు వెయ్యమన్నాడు. అదే రాశాను. పెద్దాయన చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

డాక్టరమ్మ వారానికోసారి వాళ్లింటికి వెళ్లి చూసి వస్తుంది. నీ అద్దం ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. గుడ్డలో చుట్టాను, విప్పేటప్పుడు జాగ్రత్త. నేను అందులోకి చూడలేదు నాన్నా. ఎందుకో చూడలేకపోయాను.

నీ కూతురు

~

చిట్టితల్లికి,

నాన్న దీవెనలు. అద్దం క్షేమంగా అందింది. గడియారం సంగతి రెండుసార్లు చదివాను. పాడు క్షవరమే, ఒప్పుకుంటాను.

ఇక నా సంగతి. బెంగ పెట్టుకోకు అని రాయను, మీ అమ్మ మాట గుర్తుంది.

ఇవాళ పొద్దున గడ్డం గీసుకుందామని కిటికీ దగ్గర వెలుతురులో గుడ్డ విప్పాను. నురగ రాసుకుని చూశాను. నా ముఖం కాదు. చెవులు రెండూ నిండుగానే ఉన్నాయి, గడియారం నాన్న కాదు. కుర్రవాడు. నాకంటే చాలా చిన్నవాడు, నాకు కొడుకు వరస అవుతాడు. నురగ లేదు. పెదవి కింద పుట్టుమచ్చ ఉంది. నీకున్న చోటే.

నాకు భయం వెయ్యలేదు. వెయ్యలేదంటే నువ్వు నమ్మవు. కొంచెం వేసింది. అద్దం దించలేదు మాత్రం.

ఆయనా ఏమీ అనలేదు. ఏదో అడగబోయినట్టు నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. నాలాగే మాట రాని మనిషనుకుంటాను. ఇద్దరం అలాగే చాలాసేపు చూసుకున్నాం. నురగ ఎండిపోయింది.

రేపు మళ్లీ విప్పుతాను. ఏమైనా అడిగితే, అది మంచిదైతే, చేస్తాను. నీకు రాస్తాను.

ఒక్క సాయం చెయ్యి తల్లీ. నేను ఇంతవరకు ఎవర్నీ నాన్నా అని పిలవలేదు. నేనింత ముసలివాణ్ణి, అంత కుర్రవాణ్ణి అలా పిలవడానికి నోరు రావడం లేదు. నువ్వు నన్ను ఎలా పిలుస్తావో, గొంతు ఎక్కడ పెడతావో, కాస్త రాయి. రాతలో తెలియకపోతే ఫోన్ చెయ్యి. ఈసారి పెట్టెయ్యను.

నీ నాన్న